సినిమా చూసి ఏడ్చినవాళ్ళు నా సంగతి తెలిస్తే ఏమంటారు?

మామూలుగా ఉత్తరాలు వచ్చిన వరసలోనే జవాబు రాస్తాను. మొన్న వచ్చిన ఈ ఉత్తరాన్ని మాత్రం అన్నిటికన్నా ముందుకి తెచ్చాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఆరు పేజీలు ఉంది, గుర్తుపట్టే వివరాలు తీసేసి ముందు అందులో ఏముందో చెప్తాను.

రాసినతనికి 24 ఏళ్ళు. కోస్తాలో చిన్న ఊరు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో అద్దెకుంటున్నాడు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, సర్టిఫికెట్లన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి, ఇంట్లో ఆఫీసులో ఫ్లాట్‌లో అందరికీ తను అమ్మాయే. తనకి మాత్రం ఒకటో క్లాసు రెండో క్లాసు రోజుల నుంచే తను అబ్బాయినని తెలుసు. ఇంతవరకు ఒక్క మనిషికి చెప్పలేదు, మొదటిసారి కాగితం మీద పెట్టింది ఈ ఉత్తరంలోనేనట.

నలుగురికీ సినిమాల పిచ్చి. శనివారం రాత్రి హాల్లో పరుపులేసుకుని ఏదో ఒకటి చూడటం, చూశాక తెల్లవారుజాము దాకా దాని మీద కొట్టుకోవడం అలవాటు. ఈమధ్య ఆస్కార్‌లో బెస్ట్ యాక్ట్రెస్ వచ్చిన సినిమాలు వరసపెట్టి చూస్తున్నారు, అలా 1999లో వచ్చిన 'బాయ్స్ డోంట్ క్రై' దగ్గరికొచ్చారు, కథేంటో ఎవరికీ తెలీదు. తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో నిజంగా జరిగింది అది. బ్రాండన్ టీనా అని 21 ఏళ్ళ కుర్రాడు, అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా బతికినవాడు, కొత్త ఊరికొచ్చి స్నేహాలు చేసుకుని ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. సంగతి బయటపడ్డాక ఆ స్నేహితుల్లోనే ఇద్దరు అతని మీద అత్యాచారం చేసి, వారం తిరక్కుండా 1993 డిసెంబర్ 31న కాల్చి చంపేశారు. బ్రాండన్‌గా నటించిన హిలరీ స్వాంక్‌కి ఆ అవార్డు వచ్చింది.

సినిమా అయ్యాక ఆ హాల్లో ఏం జరిగిందన్నదే ఉత్తరంలో సగం. ముగ్గుర్లో చిన్నమ్మాయి, తనని "అక్కా" అని పిలిచే అమ్మాయి, అరగంట ఏడ్చి, కళ్ళు తుడుచుకుంటూ "పాపం ఆ పిల్ల, ఇలాంటివాళ్ళు అసలు పుట్టకపోతేనే నయం కదా, ఇంత నరకం ఎందుకు వాళ్ళకి" అంది. రెండో అమ్మాయి ఏడవలేదు, వాదించింది. "చంపడం దారుణమే, కానీ వాడు ఆ అమ్మాయిని మోసం చేశాడుగా, కనీసం ప్రేమించినదానికైనా ముందే చెప్పాలి కదా" అని గంటసేపు అదే పట్టు. మూడో అమ్మాయి "అమ్మో, మన ఫ్లాట్‌లో ఇలాంటి తేడా కేసు ఉంటే నేనైతే తెల్లారేలోపు ఖాళీ చేస్తా" అంది, అందరూ నవ్వారు. ఆ తర్వాత హీరోయిన్ యాక్టింగ్ గురించి, జుట్టు కత్తిరించుకోవడం గురించి, నడక గురించి ఒక గంట. ఇక్కడ అతను రాసిన వాక్యం యథాతథంగా ఇస్తున్నా: "ఆవిడ షూటింగ్‌కి ముందు నెల రోజులు మగాడిలా తిరిగి ప్రాక్టీస్ చేసిందంట అక్కా, వీళ్ళు దానికి ఆశ్చర్యపోతున్నారు, నేను 24 ఏళ్ళ నుంచి ఆడపిల్లలా ప్రాక్టీస్ చేస్తున్నా."

ఆ రాత్రి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాడు. పొద్దున కళ్ళు చూసి అడిగితే జలుబు అన్నాడు. అప్పట్నుంచీ సరిగ్గా నిద్ర లేదు, "పుట్టకపోతేనే నయం" అన్న మాట తల్లో తిరుగుతూనే ఉందట. అడుగుతున్నవి ఇవి: వీళ్ళకి చెప్పాలా, చెప్పకుండా వీళ్ళ మధ్య ఉండటం నిజంగా మోసమేనా, నాలాంటివాళ్ళ కథ ఎప్పుడూ ఇలాగే అయిపోతుందా. వీటికి తోడు సంక్రాంతికి పెళ్ళిచూపులు పెడతామని అమ్మ ఫోన్లు.

తమ్ముడూ,

ఉత్తరం చివర "ఇట్లు మీ తమ్ముడు" అని రాసి, తమ్ముడు అన్న మాట కొట్టేసి, పక్కన మళ్ళీ రాశావు. కొట్టెయ్యక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు ఆ నిద్ర సంగతి. నేరుగా అడుగుతున్నా, ఏమనుకోకు, చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అనే దాకా ఆలోచన వెళ్తోందా? వెళ్తుంటే మిగతా జవాబు తర్వాత చదువు, ముందు 14416కి చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, రాత్రయినా పగలైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం ఉండవు. నీ సంగతి మొత్తం వాళ్ళకి చెప్పాల్సిన పని కూడా లేదు, నిద్ర పట్టట్లేదు, బతకాలనిపించట్లేదు అని చెప్పినా చాలు. అంత దూరం వెళ్ళలేదు, మాట ఒక్కటే తిరుగుతోంది అంటే అప్పుడు కూడా ఆ నెంబర్ ఫోన్‌లో ఉంచుకో, ఇలాంటి మాటలు పగలు చిన్నగా ఉండి రాత్రి రెండింటికి పెద్దవవుతాయి.

ఆ మాట అన్న చిన్నమ్మాయి గురించి చెప్తాను. ఆ అమ్మాయి చెడ్డది కాదని నీకూ తెలుసు, అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. తేడా కేసు అన్న అమ్మాయి మాటకి నీకు కోపమొచ్చింది, కోపం వస్తే మనిషి నిలబడతాడు. జాలిపడుతూ పుట్టకపోతే నయం అంటే మాత్రం ఎదురు చెప్పడానికి కూడా నోరు రాదు. కానీ ఒకటి చూడు, ఆ పిల్ల ఏడ్చింది చనిపోయినవాడి కోసం. రెండు గంటల్లో ఒక మనిషిని పరిచయం చేసి, ఇష్టపడేలా చేసి, నానా హింసలు పెట్టి, చంపేసి లైట్లు వేస్తే ఎవరైనా ఏడుస్తారు. ఆ ఏడుపు అబద్ధమని కాదు. బతికున్న నీతో, రేప్పొద్దున గిన్నెలు ఎవరు తోమాలని గొడవపడే నీతో, ఆ అమ్మాయి ఎలా ఉంటుందో ఆ ఏడుపు చెప్పదు అంటున్నా. మూడో అమ్మాయి నవ్వు కూడా అంతే, అది కూడా తెర మీద మనిషి గురించే, ఎవరో తెలీని మనిషి గురించి. అయితే రెంటినీ ఒకేలా తీసుకోమని కూడా చెప్పను, ఖాళీ చేస్తా అన్న మనిషికి ముందు చెప్పకపోవడం తెలివైన పనే.

"నాలాంటివాళ్ళ కథ ఎప్పుడూ ఇంతేనా" అన్నావు. ఆ సినిమా చూపించింది ఒక్క మనిషి కథని, అది కూడా మొత్తం కాదు. ఆ రాత్రి ఆ ఇంట్లో చనిపోయింది ముగ్గురు. బ్రాండన్‌కి తన ఇంట్లో చోటిచ్చిన లీసా లాంబర్ట్ అనే అమ్మాయి, ఇంకా ఫిలిప్ డివైన్ అనే నల్లజాతి కుర్రాడు, వికలాంగుడు. డివైన్ సినిమాలో ఎక్కడా లేడు. డైరెక్టర్ కింబర్లీ పియర్స్‌ని దీని మీద చాలామంది తప్పుపట్టారు. ఒక చావుని ఎత్తి చూపించి పక్కనే పడి ఉన్న ఇంకో చావుని వదిలేసే వీలు సినిమాకి ఉందంటే, మిగతా జీవితాల సంగతి చెప్పేదేముంది, ఉద్యోగాలు చేసుకుంటూ ఈఎంఐలు కట్టుకుంటూ ముసలివాళ్ళవుతున్న నీలాంటి ట్రాన్స్ మగవాళ్ళ మీద సినిమా ఎవరు తీస్తారు, అందులో ఏడవడానికి ఏమీ ఉండదు. మన దగ్గర ఇంకా అన్యాయం, మన సినిమాల్లో చాలాకాలం ఇలాంటి పాత్ర అంటే కామెడీ ట్రాక్‌లో చప్పట్లు కొట్టే వేషమే, నీలాంటి అబ్బాయి ఆ వేషానికి కూడా నోచుకోలేదు. అందుకే ఎదురుపడ్డ ఒక్క సినిమా నీకు జాతకం లాగా కనిపించింది.

ఇంకోటి, ఆ సినిమా నీకు నచ్చి తీరాలని లేదు. నీలాంటివాళ్ళలోనే దాని మీద ఏకాభిప్రాయం లేదు. తెర మీద తనలాంటి మనిషిని మొదటిసారి చూసింది అందులోనే అని చెప్పుకునేవాళ్ళున్నారు. ఆ పాత్రకి ట్రాన్స్ మనిషిని కాకుండా ఒక స్త్రీని ఎందుకు పెట్టారు, మమ్మల్ని కొట్టడం చంపడం తప్ప ఇంకేం చూపించరా అని కోప్పడేవాళ్ళున్నారు. 2016లో ఆ డైరెక్టరే అమెరికాలో ఒక కాలేజీకి మాట్లాడ్డానికి వెళ్తే స్టూడెంట్లు ఎదురు తిరిగారు. ఆవిడ కూడా జెండర్ విషయంలో అందరిలా ఒక గీతలో ఇమిడే మనిషి కాదు, అయినా ఎదురు తిరిగారు. కాబట్టి వచ్చే శనివారం ఎవరైనా ఆ సినిమా గొప్పదా కాదా అని మళ్ళీ మొదలుపెడితే, నాకు నచ్చలేదు, చూడలేకపోయాను అనొచ్చు నువ్వు, సినిమా పిచ్చివాళ్ళకి అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు.

ఇక మోసం అన్న మాట. ఉత్తరంలో అది పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను.

బ్రాండన్ సంగతి బయటపడింది ఎలాగో తెలుసా. అతను మచ్చలేని మనిషేం కాదు, దొంగ చెక్కులు రాసేవాడు. ఆ కేసులో పట్టుకెళ్ళి జైల్లో ఆడవాళ్ళ వైపు పెట్టారు, లోకల్ పేపర్లో పుట్టినప్పటి పేరు వేశారు. అంటే తన నోటితో తను చెప్పుకునే అవకాశమే పోయింది. అత్యాచారం జరిగాక, క్రిస్మస్ రోజున, అతను వెళ్ళి కంప్లైంట్ ఇచ్చాడు. ఎవరు చేశారో పేర్లతో సహా చెప్పాడు. అక్కడి షెరీఫ్, అంటే మన లెక్కలో ఆ జిల్లా పోలీసు అధికారి, జరిగిన నేరం వదిలేసి నువ్వు అసలు ఆడా మగా అన్నట్టు అడిగాడు. ఆ ఇద్దరినీ పిలిచి మాట్లాడి పంపించేశారు, అరెస్టు చెయ్యలేదు. మూడు రోజుల తర్వాత వాళ్ళే వెళ్ళి చంపారు. బ్రాండన్ తల్లి కోర్టుకెళ్తే 2001లో నెబ్రాస్కా సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, అతన్ని కాపాడాల్సిన బాధ్యత ఆ పోలీసులకుంది, వాళ్ళు కాపాడలేదు అని. ఇప్పుడు మీ రెండో అమ్మాయి అడిగిన ప్రశ్న తీసుకో, ముందే చెప్పి ఉంటే? చెప్పాడమ్మా, పోలీసులకి చెప్పాడు, చెప్పినా చచ్చాడు. అతన్ని చంపింది దాచడం కాదు.

అలాగని ఆ అమ్మాయి అడిగింది పనికిమాలిన ప్రశ్న అని కొట్టిపారెయ్యను. ఎవరితోనైనా శరీరం దాకా, పెళ్ళి దాకా వెళ్ళే దగ్గరితనం వస్తున్నప్పుడు చెప్పాలనే నేననుకుంటా. అది కూడా చెబితే నీ ప్రాణానికి, నీ ఒంటికి ప్రమాదం లేదని నీకు తెలిశాక. అంతకు ముందు నీ లోపలి సంగతి నీది. ఆఫీసులో పక్క సీటువాడికి, వాచ్‌మన్‌కి, ఇంటి ఓనర్‌కి, సినిమా కలిసి చూసే ఫ్రెండ్‌కి నువ్వు బాకీ లేవు. చెప్పకపోవడం వేరు, మోసం వేరు. మోసం అంటే ఎదుటివాళ్ళ దగ్గర ఏదో ఒకటి లాక్కోవాలి. ఆ ఫ్లాట్‌లో నువ్వేం లాక్కున్నావు, నీ వంతు అద్దె కడుతున్నావు, నీ వంతు వంట చేస్తున్నావు. వాళ్ళు బట్టలు మార్చుకుంటుంటే బాల్కనీలోకి వెళ్ళి నిలబడతానని రాశావు చూడు, అది చదివి నాకు గొంతు పట్టేసింది. తెలిశాక వాళ్ళలో ఎవరికైనా అన్ని రోజులు మనం ఇలా ఉన్నామే అని ఇబ్బంది అనిపించొచ్చు, అది వాళ్ళ హక్కు, వాదించకు. కుదిరితే నీకంటూ విడిగా ఒక రూం చూసుకో, నెలకి కొంచెం ఎక్కువైనా సరే. వాళ్ళని కాపాడటానికి కాదు, ఆ బాల్కనీలో నిలబడే పని నీకు తప్పుతుంది.

నీ ఉత్తరంలో నువ్వు గమనించని ఒకటి నాకు కనిపించింది. ఏడ్చిన అమ్మాయి "పాపం ఆ పిల్ల" అంది. మూడో అమ్మాయి "కేసు" అంది. మోసం మోసం అని గంటసేపు వాదించిన అమ్మాయి మాటలు ఎలా రాశావో మళ్ళీ చూడు. "వాడు మోసం చేశాడుగా." "వాడు ముందే చెప్పాలి." "వాడికి అంత ధైర్యం ఉంటే." మొదట్నుంచి చివరిదాకా వాడు, చేశాడు, అన్నాడు. ఎవరూ నేర్పలేదు, అడగలేదు, ఆ అమ్మాయి నోటికి అలాగే వచ్చింది. తెలుగులో నేను వచ్చాను, తిన్నాను అంటే ఆడా మగా తెలీదు, అందుకే ఇన్నేళ్ళూ నీ గురించి నువ్వు ఒక్క అబద్ధం ఆడకుండా మాట్లాడగలిగావు. నీ గురించి పక్కవాళ్ళు మాట్లాడినప్పుడే వచ్చిందీ, వెళ్ళిందీ అని తగులుతుంది. ఏడ్చిన అమ్మాయి బ్రాండన్ మీద జాలిపడింది కానీ మగవాడిగా చూడలేదు. వాదించిన అమ్మాయి కోప్పడింది, కానీ ఒక మగాడి మీద కోప్పడినట్టే కోప్పడింది.

ఒక్క మాట చివర చూసి మనిషిని తేల్చెయ్యొద్దు, నేనూ తేల్చట్లేదు. కానీ ఎవరికి ముందు చెప్పాలా అని నువ్వు ఆలోచించేటప్పుడు, ఏడ్చిన మనిషే మెత్తని మనిషని వెళ్ళిపోకుండా ఇది కూడా లెక్కలో వేసుకో.

ఇప్పుడు నీ ముందున్న దారులు, నాకు తోచినవి చెప్తా.

ఇప్పుడే ఎవరికీ చెప్పకపోవడం ఒకటి. ఇది పిరికితనం కాదు, చాలామంది ఏళ్ళ తరబడి ఇలాగే నెట్టుకొచ్చి తమకి వీలైన రోజున చెప్పారు. మంచి ఏంటంటే గూడు పోదు, ఉద్యోగం దగ్గర గొడవ ఉండదు, అమ్మకి వేరేవాళ్ళ నోటి నుంచి తెలిసే భయం ఉండదు. చెడు ఏంటంటే ఇప్పటికే నీకు నిద్ర లేదు, ఇంకో శనివారం ఇంకో మాట పడుతుంది, కుళాయి తిప్పి ఎన్ని రాత్రులు ఏడుస్తావు. ఈ దారిలో వెళ్ళేట్టయితే ఫ్లాట్‌కి, ఊరికి సంబంధం లేని ఒక్క మనిషికైనా చెప్పి వెళ్ళు, డాక్టర్ అయినా సరే, హైదరాబాద్‌లో నీలాంటివాళ్ళు కలుసుకునే చోట్లున్నాయి, అక్కడైనా సరే.

రెండోది, నీ పేరెత్తకుండా సినిమా మీదే మాట్లాడటం. మీరు ఎలాగూ మాట్లాడుకునేవాళ్ళే. టీ పెట్టుకున్నప్పుడు ఆ వాదించే అమ్మాయితో ఒక్కదానితోనే, ఆ రోజు నువ్వు మోసం అన్నావు కదా, అతను పోలీసులకి చెప్పినా ఏం చెయ్యలేదంట, అని మొదలుపెట్టు, నేను పైన చెప్పినవన్నీ చెప్పు. ఏమంటుందో విను. "అవునా, నాకు తెలీదే" అని ఆలోచనలో పడితే ఒక రకం, "ఏమో బాబూ ఎందుకొచ్చిన గోల" అని టాపిక్ మారిస్తే ఇంకో రకం. నీకు పెద్ద ఖర్చు లేని దారి ఇది. ఒక్కటే ప్రమాదం, నీ గొంతులో వణుకు చూసి నీకెందుకంత పట్టింది అని అడగొచ్చు. ఆ ప్రశ్నకి ఏం చెప్తావో ముందే అనుకుని వెళ్ళు. "ఆ సినిమా నన్ను వదల్లేదు" అన్నా అబద్ధం కాదు.

మూడోది, ఒక్కళ్ళకే చెప్పడం. చెప్పేముందు కొన్ని పనులు చేసి పెట్టుకో. సర్టిఫికెట్లు, ఆధార్, పాన్ నీ దగ్గరే, ఒక్క చోట ఉండాలి. ఫ్లాట్ అడ్వాన్స్ ఎవరి పేరున ఉంది, వెనక్కి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో కనుక్కో. రెండు నెలల ఖర్చుకి డబ్బు విడిగా ఉంచుకో. ఏదైనా అయితే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావో తెలిసి ఉండాలి. ఇదంతా ఎందుకంటే చెడు జరుగుతుందని కాదు, ఇవన్నీ ఉన్నాయని తెలిస్తే నీ మాట వణక్కుండా వస్తుంది. చెప్పేది పొట్టిగా చెప్పు. ఇది నా సంగతి, ఇంకెవరికీ తెలీదు, నువ్వు ఎవరికీ చెప్పకూడదు, చెప్తే నాకు ఇల్లు పోవచ్చు, ఇంటి దగ్గర గొడవ కావచ్చు అని స్పష్టంగా అను, వాళ్ళకే అర్థమవుతుందిలే అని వదలొద్దు. వెంటనే వాటేసుకోవాలని ఆశపడకు. మొదటి రోజు మొహం మాడ్చుకుని నాలుగో రోజు దగ్గరికొచ్చే మనుషులుంటారు, మొదటి రోజు బ్రహ్మాండం అని వారంలో నలుగురికి చెప్పేవాళ్ళూ ఉంటారు.

ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పడం అనే దారి కూడా రాశావు, అదే సినిమా మళ్ళీ పెట్టి అది అయ్యాక "అది నేనే" అని చెప్పేస్తానన్నావు. వద్దు. వద్దనే చెప్తాను గట్టిగా. అప్పుడే ఒక శవాన్ని చూసిన కళ్ళతో నిన్ను చూస్తారు వాళ్ళు.

అమ్మ సంగతి. ఇందాక నీ ఫ్లాట్ విషయంలో మోసం కాదన్నాను కదా, పెళ్ళి విషయంలో మాత్రం అలా అనలేను. ఎవరో అబ్బాయి తలవంచి తాళి కట్టాక, నీకూ అతనికీ ఇద్దరికీ బతుకు చిక్కుపడిపోతుంది. అమ్మ కోసం ఒప్పుకుంటే పోలా అని ఒకచోట రాశావు, పోదు తమ్ముడూ. నిజం చెప్పే బలం ఇప్పుడు లేకపోతే "నేను పెళ్ళి చేసుకోను" అన్న ఒక్క మాట చాలు, కారణం తర్వాత చెప్పొచ్చు. సంవత్సరం ఆగండి అంటే సంవత్సరం తర్వాత మళ్ళీ ఇదే ఫోన్ వస్తుంది, చేసుకోను అంటే గొడవ ఇప్పుడే అవుతుంది, కానీ ఒకసారే అవుతుంది. పెళ్ళిచూపులు పెట్టేసి రమ్మంటే పండక్కి వెళ్ళకపోవడం కూడా ఒక దారే, అమ్మ బాధపడుతుంది, నువ్వూ పండగ పూట ఒంటరిగా ఫ్లాట్‌లో ఉంటావు, అది కూడా ముందే చూసుకో.

అమ్మ ఎప్పటికీ ఒప్పుకోదు అని తేల్చేశావు. బ్రాండన్ తల్లి గురించి చెప్పాను కదా, కొడుకు కోసం కౌంటీ మీద, అంటే ఆ జిల్లా ప్రభుత్వం మీద, ఏళ్ళ తరబడి కోర్టులో కొట్లాడింది. కానీ అతని సమాధి మీద మాత్రం కూతురు, చెల్లెలు, స్నేహితురాలు అని ఉంటుంది. ప్రాణమిచ్చేంత ప్రేమ ఉండి కూడా ఆ ఒక్క మాట నోటికి రాని తల్లులున్నారు. మీ అమ్మ ఏ రకమో నాకు తెలీదు. ప్రేమ ఉంది కాబట్టి అర్థం చేసుకుంటుంది అని వెళ్ళకు, అర్థం చేసుకోలేదు కాబట్టి ప్రేమ లేదని వెనక్కి రాకు. అమ్మకి చెప్పడం అన్నిటికన్నా చివర పెట్టుకో, నీకు పక్కన ఒకళ్ళిద్దరు నిలబడ్డాక.

డాక్టర్ విషయం. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే పిచ్చి అంటారేమో అన్నావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రాన్స్‌గా ఉండటాన్ని మానసిక రోగాల జాబితా లోంచి తీసేసింది. నిన్ను మార్చేస్తాను, మామూలు అమ్మాయిని చేసేస్తాను అనే డాక్టర్ దొరికితే లేచి వచ్చెయ్, అలాంటి ట్రీట్‌మెంట్ చెయ్యడం తప్పని 2022లో నేషనల్ మెడికల్ కమిషనే చెప్పింది. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ట్రాన్స్ పేషెంట్లని చూస్తారా అని అడుగు. హార్మోన్ ఇంజెక్షన్లు ఎవరో చెప్పారని సొంతంగా మాత్రం తీసుకోకు, రక్తపరీక్షలు చూసుకుంటూ వేసేవి అవి. అవి తీసుకుంటేనే మగవాడివని కూడా లేదు. 2014లో నాల్సా, అంటే జాతీయ న్యాయ సేవల సంస్థ, వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, మనిషి జెండర్ ఏంటో ఆ మనిషే చెప్పుకోవాలి, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదు అని. 2019లో ట్రాన్స్ మనుషుల హక్కుల మీద చట్టం కూడా వచ్చింది, కాకపోతే కార్డులు, పేరు మార్పు లాంటి వాటికి రూల్స్ మారుతుంటాయి, అప్లై చేసే రోజున లాయర్‌ని అడిగి వెళ్ళు. నువ్వున్న ఊళ్ళోనే నిజాం కాలం నాటి చట్టం ఒకటి ఉండేది, ట్రాన్స్ మనుషుల పేర్లు రిజిస్టర్‌లో రాసుకుని నేరస్తుల్లా చూసే చట్టం, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. కేసు వేసింది ట్రాన్స్ మనుషులే.

ఇంకొక్కటి. స్కూల్లో ఎవరో నిన్ను శిఖండి అన్నారని రాశావు. మనవాళ్ళు తిట్టు కింద వాడతారు కానీ ఉద్యోగపర్వంలో ఆ కథ పూర్తిగా ఎవరూ చెప్పరు. ద్రుపదుడి ఇంట్లో ఆడపిల్లగా పుట్టి కొడుకుగా పెరిగినవాడు శిఖండి. దశార్ణ రాజు హిరణ్యవర్మ కూతురితో పెళ్ళి చేశారు. ఆ అమ్మాయికి తెలిసింది, పుట్టింటికి కబురు వెళ్ళింది, ఆయన నన్ను మోసం చేశారని సైన్యంతో బయల్దేరాడు. మీ హాల్లో వినిపించిన మాటే చూడు, ఎప్పటిదో. నా వల్లే తల్లిదండ్రులకి ఈ గతి పట్టిందని శిఖండి చావడానికి అడవికి వెళ్ళి, తిండి మానేసి కూర్చున్నాడు. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు ఎదురై, ఎందుకిలా ఉన్నావు, నేనేం చెయ్యగలను చెప్పు అని అడిగాడు. తన మగతనం ఇచ్చి పంపాడు, దానికి కుబేరుడి శాపం కూడా భరించాడు. శిఖండి వెనక్కొచ్చి, విల్లు పట్టి, కురుక్షేత్రంలో భీష్ముడికి ఎదురు నిలబడ్డాడు. అడవిలో ఎదురైన ఆ ఒక్కడు పుట్టకపోతే నయం అనలేదు, మోసం అనలేదు, ఏం కావాలని అడిగాడు. నువ్వు వెతకాల్సింది అలాంటి ఒక్కణ్ణి, లేదా ఒక్కదాన్ని. అది మీ ఫ్లాట్‌లో ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఈ వారం సినిమా లిస్టులో తర్వాతది ఏదో నువ్వే ఎంచు, ఎవరూ చావనిది. ఆ అమ్మాయితో టీ దగ్గర మాట్లాడితే తను ఏమందో, ఏ మాటతో అందో గుర్తుపెట్టుకుని నాకు రాయి. మాట్లాడలేకపోతే మాట్లాడలేదని రాయి. నిద్ర పడుతోందో లేదో మాత్రం రెండింట్లోనూ రాయాలి.